దోమల వైరస్‌ల జన్యుక్రమం: హైదరాబాద్‌వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

వానలు పడి జ్వరాలు మొదలయ్యేసరికి కాలనీ సంఘాల మీటింగుల్లోనూ, బస్తీ దవాఖానల దగ్గరా వైరస్‌ల జన్యుక్రమం చదివే ల్యాబ్ వాళ్లమైన మమ్మల్ని అడిగే ప్రశ్నలు ఏటా దాదాపు అవే. డెంగీ, చికున్‌గున్యా లాంటి వైరస్‌ల జన్యుక్రమం ఎందుకు చదవాలి, రక్తం ఎప్పుడివ్వాలి, ఫలితం ఎవరికి పనికొస్తుంది అన్నవే ఎక్కువ. అడిగిన వాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదటి సందేహాలు

డెంగీ ఉందో లేదో టెస్టులోనే తెలుస్తుంది కదా, మళ్లీ ఈ సీక్వెన్సింగ్ (జన్యుక్రమం చదవడం) ఎందుకు?

ఎన్‌ఎస్1 (రక్తంలో డెంగీ వైరస్ ప్రొటీన్‌ను పట్టే టెస్టు) పాజిటివ్ వస్తే డెంగీ అని తెలుస్తుంది. మీ వైద్యానికి అది చాలు, నగరానికి చాలదు. వచ్చిన వైరస్ నాలుగు రకాల్లో ఏది? నిరుడు మన దగ్గర తిరిగినదేనా, బయటి నుంచి కొత్తగా దిగిందా? అంబర్‌పేటలో వచ్చిన జ్వరాలూ కూకట్‌పల్లిలో వచ్చినవీ ఒకే గొలుసులోవా? ఇవేవీ ఆ కిట్ చెప్పదు. కేసులు పెరిగాయని లెక్కల్లో కనిపిస్తుంది. దోమలు పెరిగినందుకా, జనంలో నిరోధక శక్తి లేని రకం వచ్చినందుకా అన్నది విడదీయాలంటే వైరస్‌ను చదవక తప్పదు.

జన్యుక్రమం చదవడం అంటే అసలు ఏం చదువుతారు?

డెంగీ వైరస్ లోపల ఉండేది ఒకే ఒక్క ఆర్‌ఎన్‌ఏ పోగు. దాని పొడవు సుమారు 10,700 అక్షరాలు, అంటే వరసగా పేర్చిన నాలుగు రకాల రసాయన ముక్కలు. చికున్‌గున్యాకు సుమారు 11,800. ఈ కాస్త జాగాలోనే వైరస్ పైపొర, లోపలి ప్రొటీన్లు, తనను తాను నకలు తీసుకునే యంత్రాంగం, అన్నిటి వివరాలూ ఉంటాయి. నకలు తీసేటప్పుడు వైరస్ తప్పులు చేస్తుంది, వాటిని దిద్దుకోదు. డెంగీలో అలా నిలబడిపోయే మార్పులు మొత్తం జన్యువులో ఏడాదికి సుమారు 5 నుంచి 10. ఆ మార్పులే మాకు ఆనవాళ్లు. ఇద్దరు రోగుల వైరస్‌లలో ఎన్ని మార్పులు ఉమ్మడిగా ఉన్నాయో చూస్తే వాటి చుట్టరికం ఎంత దగ్గరిదో తెలుస్తుంది.

నాలుగు రకాల డెంగీ అంటారు. ఏ రకమో తెలిస్తే మాకేం లాభం?

ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకం మళ్లీ రాకుండా శరీరం ఏళ్ల తరబడి కాచుకుంటుంది. మిగతా మూడింటి నుంచి రక్షణ కొన్ని నెలలే. ఆ తర్వాత వేరే రకం సోకితే పాత యాంటీబాడీలు దాన్ని అడ్డుకోకపోగా, కొన్నిసార్లు కణాల్లోకి వెళ్లడానికి దారి ఇస్తాయి. రెండోసారి వచ్చిన డెంగీ కొందరిలో తీవ్రంగా మారడానికి ఇదొక ముఖ్య కారణం. అందుకే కొన్నేళ్లుగా ఒకే రకం తిరిగిన ఊళ్లో హఠాత్తుగా ఇంకో రకం పెరుగుతోందంటే ఆసుపత్రులు పడకలు, సెలైన్లు, రక్తనిధి ముందే సిద్ధం చేసుకోవాలి.

హైదరాబాద్‌లో నాలుగు రకాలూ దొరికాయి. దేశం మొత్తం మీద చూస్తే, బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) పరిశోధకులు 1956 నుంచి 2018 వరకు సేకరించిన 408 భారతీయ డెంగీ జన్యుక్రమాలను పోల్చి 2023లో ప్రచురించారు. 2012 వరకు 1, 3 రకాలది పైచేయి. ఆ తర్వాత 2వ రకం దేశమంతా పెరిగింది, దక్షిణాదిలో 4వ రకం చోటు సంపాదించుకుంటోంది. ఆ పరిశోధనలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 408 అన్న అంకె. ఆరు దశాబ్దాలు, ఇంత పెద్ద దేశం, చేతికొచ్చినవి అన్నీ కలిపినా అన్నే. మనకు కొరత యంత్రాలది కాదు, క్రమం తప్పని సేకరణది.

2006లో చికున్‌గున్యాతో ఇంటిల్లిపాదీ మంచం పట్టాం. అప్పుడు జన్యుక్రమం వల్ల ఏం తెలిసింది?

చాలా తెలిసింది. ఈ మొత్తం పని ఎందుకో చెప్పమంటే నేను చూపించే ఉదాహరణ అదే.

చికున్‌గున్యా మన దేశంలో మొదట 1963లో కోల్‌కతాలో కనిపించి, 1973 తర్వాత దాదాపు మాయమైంది. మూడు దశాబ్దాల తర్వాత, 2005 చివర్లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లో ఒక్కసారిగా విరుచుకుపడింది. పాతదే మళ్లీ లేచిందేమో అనిపించడం సహజం. జన్యువు చదివితే కాదని తేలింది. పాతది ఆసియా శాఖకు చెందిన వైరస్. 2005లో వచ్చింది తూర్పు, మధ్య, దక్షిణ ఆఫ్రికా శాఖది, హిందూ మహాసముద్రపు దీవుల్ని అప్పటికే ఊపేస్తున్నది.

రీయూనియన్ దీవిలో ఇంకో సంగతి బయటపడింది. వైరస్ పైపొరలోని ఈ1 ప్రొటీన్‌లో 226వ స్థానంలో అలనీన్ అనే అమైనో ఆమ్లం పోయి వాలీన్ అనేది వచ్చింది. ఆ ఒక్క మార్పుతో వైరస్ ఈడిస్ ఆల్బోపిక్టస్ అనే దోమలో ఎన్నో రెట్లు తేలిగ్గా పెరగగలిగింది. ఈడిస్ ఈజిప్టి మన ఇళ్లలో డ్రమ్ములు, కూలర్లు పట్టుకుని ఉండే దోమ. ఆల్బోపిక్టస్ ఎక్కువగా తోటల్లో, చెట్ల తొర్రల్లో, రబ్బరు చిప్పల్లో పెరుగుతుంది. 2006 నాటి మన శాంపిళ్లలో ఆ మార్పు లేదు. 2007లో కేరళ శాంపిళ్లలో కనిపించింది. రబ్బరు తోటలున్న ఊళ్లలో ఇంటి డ్రమ్ములు బోర్లిస్తే సరిపోదు, తోటల్లోకీ వెళ్లాలి అని చెప్పడానికి ఆ ఒక్క అక్షరం ఆధారమైంది.

మలేరియాకూ ఇదే పద్ధతా? రొనాల్డ్ రాస్ ఇక్కడే కదా కనిపెట్టింది?

అవును, 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోనే దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని ఆయన చూశారు. ఆ ప్రయోగశాల బేగంపేటలో ఇప్పటికీ ఉంది. కాకపోతే మలేరియా వైరస్ కాదు. దాని జన్యుక్రమం రెండు కోట్ల అక్షరాలు దాటుతుంది కాబట్టి మొత్తం చదవడం కన్నా మందులకు లొంగని గుణం తెచ్చే కొన్ని జన్యువులనే ఎంచుకుని చదవడం ఎక్కువ.

మూసీ పక్కన ఉంటున్నాం, సాయంత్రమైతే దోమల గుంపే. మాకే డెంగీ ఎక్కువా?

మూసీ వెంట, గుర్రపుడెక్క నిండిన చెరువుల వెంట సాయంత్రం ముసిరేవి ఎక్కువగా క్యూలెక్స్ దోమలు. అవి మురికినీటివి. బోదకాలు వాటితోనే వస్తుంది, డెంగీ మాత్రం రాదు. డెంగీ తెచ్చే ఈడిస్ ఈజిప్టి కాళ్ల మీద తెల్లచారలతో ఉంటుంది, పగటిపూట కుడుతుంది, మీ సంపులోనో కూలర్‌లోనో నిలిచిన మంచినీటిలో గుడ్లు పెడుతుంది. దోమలు తక్కువగా కనిపించే అపార్ట్‌మెంట్లలోనూ డెంగీ గట్టిగా వస్తుంది. అలాగని క్యూలెక్స్‌ను మేం వదిలేయం. జపనీస్ ఎన్‌సెఫలైటిస్, వెస్ట్ నైల్ వైరస్‌లను మోసేవి ఆ జాతి దోమలే.

## రక్తం ఇచ్చే దశ

జ్వరం వచ్చిన ఎన్నో రోజు ఇవ్వాలి? ప్లేట్‌లెట్లు పడ్డాక ఇస్తే పనికిరాదా?

మొదటి మూడు రోజుల్లో ఇస్తే చాలా మంచిది, అయిదో రోజు దాకా ఫర్వాలేదు. ఆ రోజుల్లోనే రక్తంలో వైరస్ ఎక్కువగా ఉంటుంది. మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. జ్వరం వస్తే రెండు మూడు రోజులు పారాసిటమాల్‌తో చూస్తారు, ప్లేట్‌లెట్లు పడ్డాయంటే ఆసుపత్రికి పరుగెత్తుతారు. ప్లేట్‌లెట్లు బాగా పడేది జ్వరం తగ్గే వేళకు, అంటే నాలుగో రోజు నుంచి ఏడో రోజు లోపు. అప్పటికి వైరస్ చాలావరకు రక్తం నుంచి పోయి ఉంటుంది, యాంటీబాడీలు మిగులుతాయి. ఐజీఎం (యాంటీబాడీల టెస్టు) పాజిటివ్ వస్తుంది కానీ చదవడానికి అక్షరాలు దొరకవు. వార్డుల్లో ఉన్న తీవ్రమైన రోగుల నుంచి కాక, ఓపీకి నడిచొచ్చిన మామూలు జ్వరాల నుంచే మాకు మంచి జన్యుక్రమాలు వస్తాయి.

ఫారంలో పేట పేరు, ప్రయాణాలు ఇవన్నీ ఎందుకు అడుగుతారు?

ఎందుకంటే అవి లేకపోతే జన్యుక్రమం దాదాపు వ్యర్థం. ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

ఒక శాంపిల్ డబ్బా తెరిస్తే సాధారణంగా కనిపించేది ఇది. చిన్న ప్లాస్టిక్ గొట్టం, మూత మీద మార్కర్‌తో రాసిన నంబరు, ఐస్ చెమ్మకు సగం చెరిగిన అంకెలు. వెంట వచ్చిన కాగితంలో చిరునామా గడిలో ‘హైదరాబాద్’ అని ఒక్క మాట. జ్వరం మొదలైన తేదీ దగ్గర ఖాళీ. ఆ గొట్టంలోని వైరస్‌ను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవగలం. చదివాక ఏం చెప్పాలి? ఉప్పల్‌లో ఉండే మనిషా, పాతబస్తీ మనిషా, పెళ్లికని విజయవాడ వెళ్లి ముందు రోజే తిరిగొచ్చిన మనిషా తెలియదు.

దోమ కుట్టాక జ్వరం రావడానికి సాధారణంగా 4 నుంచి 10 రోజులు పడుతుంది. కాబట్టి జ్వరానికి ముందు రెండు వారాల్లో ఎక్కడెక్కడ ఉన్నారో అడుగుతాం. ఈడిస్ పగలు కుడుతుంది కాబట్టి మీరు పనిచేసే చోటు, పిల్లలైతే బడి ఉన్న చోటు కూడా మాకు ఇంటి అడ్రసుతో సమానం. ఇంటి నంబరు అక్కర్లేదు, పిన్‌కోడ్ లేదా వార్డు చాలు. ఫారం రాసే సిస్టర్‌కు ఆ రద్దీలో ఒక్క నిమిషం అదనంగా దొరికితే మా ల్యాబ్‌లో వారం పని నిలబడుతుంది.

నా డీఎన్‌ఏ కూడా చదివేస్తారా? పేరు బయటపడుతుందా?

సాధారణంగా వాడే పద్ధతిలో వైరస్‌కు మాత్రమే అతుక్కునే ప్రైమర్లు (చిన్న డీఎన్‌ఏ ముక్కలు) వేస్తాం, పెరిగేది వైరస్ ముక్కలే. ఏ వైరస్సో తెలియని జ్వరాల్లో శాంపిల్‌లో ఉన్నదంతా చదివే పద్ధతి ఒకటి ఉంది. అందులో మనిషి ముక్కలూ వస్తాయి, వాటిని కంప్యూటర్‌లో మొదటే ఏరి తీసేయాలి. బయటి డేటాబేస్‌లలో పెట్టేది వైరస్ క్రమం, తేదీ, జిల్లా లేదా నగరం. పేరు, ఫోన్ నంబరు ఆసుపత్రి రిజిస్టర్ దాటి రాకూడదు. మీ అనుమతి పత్రంలో ఈ మాట లేకపోతే సంతకం పెట్టేముందు అడగండి, అది మీ హక్కు.

## దోమలు పట్టే దశ

దోమలను పట్టుకెళ్లి ఏం చేస్తారు?

ముందు జాతులవారీగా వేరు చేస్తాం. చల్లటి పళ్లెం మీద మైక్రోస్కోపు కింద పెడితే ఈడిస్ ఈజిప్టి వీపు మీద వీణ ఆకారంలో తెల్లటి గీతలు కనిపిస్తాయి. ఆల్బోపిక్టస్ అయితే నడుమ ఒకటే తెల్లచార. మగ, ఆడ వేరు, రక్తం తాగిన పొట్టవి వేరు. ఒక్కో చోట దొరికిన ఆడదోమలను గుంపుగా చేసి, గుంపుకు 50 మించకుండా కలిపి నూరి, అందులో వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఉందేమో చూస్తాం. ఉంటే ఆ గుంపును సీక్వెన్సింగ్‌కు పంపుతాం. పట్టినప్పటి నుంచి ఐస్ తప్పకూడదు. ఎండలో ఒక పూట ఉంచితే దోమ ఎండిపోతుంది, ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోతుంది.

లార్వాలోనే వైరస్ ఉంటుందా?

కొన్నిసార్లు ఉంటుంది. వైరస్ ఉన్న ఆడదోమ గుడ్ల ద్వారా పిల్లకు కొద్ది మోతాదులో వెళ్లగలదు. రక్తం తాగని మగదోమల్లో డెంగీ దొరికిందంటే అది గుడ్డు దారినే వచ్చిందని అనుమానించాలి. ఈడిస్ గుడ్లు ఎండిన డ్రమ్ము గోడకు అంటుకుని నెలల తరబడి బతుకుతాయి. అందుకే శుక్రవారం డ్రై డే అంటే నీళ్లు పారబోయడంతో ఆపకండి, లోపలి గోడను పీచుతో గట్టిగా తోమండి.

మా వీధి దోమల్లో వైరస్ దొరకలేదన్నారు. భయం లేనట్టేనా?

లేదు. డెంగీ ముమ్మరంగా ఉన్న రోజుల్లోనూ వంద దోమల్లో ఒకదానికీ వైరస్ ఉండకపోవచ్చు. దొరికితే ఉందని గట్టిగా చెప్పగలం, దొరక్కపోతే లేదని చెప్పలేం.

కోవిడ్‌కు చేసినట్టు మురుగునీటిలో చూడకూడదా?

2020లో ఇక్కడి పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు హైదరాబాద్ మురుగునీటిలో కరోనా ఆర్‌ఎన్‌ఏను కొలిచి ఎంతమందికి సోకి ఉంటుందో అంచనా వేశారు. డెంగీ వైరస్ మూత్రంలో కొద్దిగానే వస్తుంది, అందువల్ల మురుగులో దాని మోతాదు చాలా తక్కువ. కొన్ని దేశాల్లో పట్టగలిగారు. ఉందో లేదో తెలుసుకోవడానికి ముందుముందు పనికిరావచ్చు. పూర్తి జన్యుక్రమానికి మాత్రం జ్వరం రోగి రక్తమే ఆధారం.

## ల్యాబ్‌లో

రక్తం గొట్టం నుంచి జన్యుక్రమం దాకా ఏమేం జరుగుతుంది?

రక్తం నుంచి సీరం వేరు చేసి, అందులోంచి ఆర్‌ఎన్‌ఏ తీస్తారు. ఆర్‌టీ-పీసీఆర్‌లో వైరస్ మోతాదు చూస్తారు. సీటీ విలువ (వైరస్ ఎంత ఎక్కువుంటే అంత తక్కువగా వచ్చే అంకె) 30 లోపు ఉంటే మొత్తం జన్యువు వస్తుందన్న ఆశ ఉంటుంది, ఆ పైకి వెళ్లేకొద్దీ ఖాళీలు మిగులుతాయి. తర్వాత ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, సుమారు 400 అక్షరాల ముక్కలుగా పెంచుతారు. ఇంటికప్పు పెంకుల్లా ప్రతి ముక్క అంచు పక్కదాని మీదికి వచ్చేలా ప్రైమర్లు వేస్తారు. పక్కపక్క ముక్కలు ఒకే గొట్టంలో పెంచితే గందరగోళమవుతాయి కాబట్టి బేసివి ఒక గొట్టంలో, సరివి ఇంకో గొట్టంలో. 2016 ప్రాంతంలో బ్రెజిల్‌లో జికా (ఈడిస్ దోమలే మోసే ఇంకో వైరస్) కోసం రూపుదిద్దుకున్న పద్ధతి ఇది, కోవిడ్‌లో ప్రపంచమంతా వాడింది.

ఆ ముక్కలను సీక్వెన్సర్‌లో వేస్తారు. ఇల్యూమినా లాంటి పెద్ద యంత్రాలున్నాయి. అరచేతిలో పట్టే నానోపోర్ యంత్రమూ ఉంది. దానిలో డీఎన్‌ఏ పోగు సన్నటి రంధ్రంలోంచి జారుతుంటే మారే కరెంటును బట్టి అక్షరాలు గుర్తిస్తారు. ఒక్కో స్థానాన్ని కనీసం 20 సార్లయినా చదివితేనే ఆ అక్షరాన్ని నమ్ముతారు.

ఇన్ని దశల్లో నేను మొదట చూసేది ఒక్కటే గొట్టం. అందులో రక్తం ఉండదు, శుద్ధమైన నీళ్లుంటాయి. మిగతా గొట్టాలతో పాటు అన్ని దశలూ దాటి వస్తుంది. చివర్లో ఆ నీళ్లలో డెంగీ అక్షరాలు కనిపించాయంటే ఎక్కడో ఒక గొట్టం నుంచి ఇంకోదానిలోకి చుక్క పడిందన్నమాట. అప్పుడు ఆ విడత మొత్తం పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాలి.

ఎన్ని రోజులు పడుతుంది?

చేతిలో శాంపిల్ ఉంటే రెండు నుంచి నాలుగు రోజుల పని. నిజంగా వారాలు పడుతుంది. తగినన్ని శాంపిళ్లు కూడేదాకా ఆగుతారు, రసాయనాల కోసం ఆగుతారు, ఫారంలో లేని వివరాల కోసం ఫోన్లు చేస్తారు.

హైదరాబాద్‌లో ఈ పని చేయగల చోట్లు ఉన్నాయా?

ఉన్నాయి. హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్‌లో డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ ఉన్నాయి. 2020 డిసెంబర్‌లో కరోనా జన్యుక్రమాల కోసం కేంద్రం ఇన్సాకాగ్ అనే ల్యాబ్‌ల కూటమిని మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న 10 ల్యాబ్‌లలో ఈ రెండూ ఉన్నాయి. వైరస్‌ల విషయంలో దేశానికి పెద్ద దిక్కు పుణెలోని ఎన్‌ఐవీ (జాతీయ వైరాలజీ సంస్థ). యంత్రాలు, చేయి తిరిగిన మనుషులు కోవిడ్ పుణ్యమా అని సిద్ధంగానే ఉన్నారు. కోరంటి దవాఖానకు (ఫీవర్ ఆసుపత్రికి) వచ్చే జ్వరం రోగికీ ఆ యంత్రానికీ మధ్య రోజూ నడిచే దారి ఉండాలి.

## ఫలితం వచ్చాక

పక్కింటి వాళ్ల నుంచే మాకు వచ్చిందని దీనితో తేలుతుందా?

తేలదు. ఏడాదికి 5 నుంచి 10 మార్పులే నిలుస్తాయంటే, వారం తేడాతో సోకిన ఇద్దరి వైరస్‌లు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండొచ్చు. మీ వీధిలో పది మందికీ అదే ఉండొచ్చు. రెండిళ్ల వైరస్‌లు వేరే శాఖలవైతే మాత్రం ఒకరి నుంచి ఒకరికి రాలేదని గట్టిగా చెప్పవచ్చు. ఇరుగుపొరుగు తగాదాకు దీన్ని సాక్ష్యంగా వాడకండి.

వైరస్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలరా?

కొంతవరకు. బ్రెజిల్‌లో జికా మొదటి కేసులు 2015 మేలో నిర్ధారణ అయ్యాయి. జన్యుక్రమాల వంశవృక్షం వెనక్కి లెక్కగడితే వైరస్ అప్పటికి ఏడాదికి పైగా అక్కడ తిరుగుతోందని బయటపడింది. ఊరి పేరు చెప్పడం దగ్గర జాగ్రత్త కావాలి. కేరళలో వంద జన్యుక్రమాలు చదివి, పక్క రాష్ట్రంలో రెండే చదివితే మన వైరస్‌కు దగ్గరి చుట్టం కేరళలోనే కనిపిస్తుంది. అది అక్కడ ఎక్కువ చదివినందువల్ల కూడా కావచ్చు. ‘ఫలానా రాష్ట్రం నుంచి వచ్చిన డెంగీ’ అని శీర్షిక చూసినప్పుడల్లా అక్కడివి ఎన్ని, ఇక్కడివి ఎన్ని అని అడగండి.

కొత్త మ్యుటేషన్ అని పేపర్లో వచ్చింది, ప్రమాదమా?

మ్యుటేషన్ రావడం వైరస్‌కు నిత్యకృత్యం. చాలా మార్పుల వల్ల ప్రొటీన్ మారనే మారదు. ఒక మార్పు ప్రమాదకరం అనాలంటే అది ఉన్న రోగుల పరిస్థితి, దోమలో అది పెరిగే తీరు, ల్యాబ్ ప్రయోగాలు అన్నీ ఒకే మాట చెప్పాలి.

ఫలితం చూసి డాక్టర్ మందు మారుస్తారా? రిపోర్టు నాకిస్తారా?

మార్చరు. ఏ రకం డెంగీకైనా చికిత్స ఒకటే: ఒంట్లో నీరు తగ్గకుండా చూడటం, జ్వరానికి పారాసిటమాల్, ప్రమాద సూచనల మీద కన్ను. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోవద్దు. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తు కనిపిస్తే ఏ ఫలితం కోసమూ ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. సీక్వెన్సింగ్ ఫలితం వచ్చేసరికి మీరు కోలుకుని పనిలో పడి ఉంటారు. అది నిఘా కోసం చేసే పని కాబట్టి సాధారణంగా విడి రిపోర్టు ఉండదు.

వ్యాక్సిన్‌కు దీనితో ఏం సంబంధం?

డెంగీ వ్యాక్సిన్ నాలుగు రకాల మీదా పనిచేయాలి. ఒకదాని మీద బలహీనమైతే రెండోసారి సోకినప్పటి ప్రమాదమే ఎదురు కావచ్చు. ఐసీఎంఆర్‌తో (భారత వైద్య పరిశోధన మండలితో) కలిసి పనేషియా బయోటెక్ తయారుచేసిన ఒకే డోసు వ్యాక్సిన్ మూడో దశ పరీక్షలు 2024 ఆగస్టులో రోహ్‌తక్‌లో మొదలయ్యాయి. ఏ వ్యాక్సిన్ వచ్చినా, వేయించుకున్నాక కూడా డెంగీ వచ్చిన వాళ్లలో ఏ శాఖ ఉందో చదవడం అవసరం. దానితో పోల్చడానికి వ్యాక్సిన్‌కు ముందు ఏళ్ల జన్యుక్రమాలు ఉండాలి, అవి ఇప్పుడు చదివితేనే ఉంటాయి.

బల్దియా ఫాగింగ్‌కు ఇది ఉపయోగపడుతుందా?

రేపు ఏ వీధిలో పొగ కొట్టాలో చెప్పదు. ఈడిస్ పుట్టిన చోటు నుంచి కొన్ని వందల మీటర్లకు మించి సాధారణంగా వెళ్లదు. నగరం ఈ కొస నుంచి ఆ కొసకు వైరస్‌ను మోసుకెళ్లేది మెట్రోలో, బస్సులో తిరిగే మనమే. ఒకే శాఖ ఒక ఆఫీసుల ప్రాంతంలోనో మార్కెట్ చుట్టూనో పదేపదే కనిపిస్తుంటే రోగుల ఇళ్లతో పాటు ఆ పనిచేసే చోట్ల సంపులూ, సెల్లార్లూ వెతకాలని తెలుస్తుంది. ఎంటమాలజీ (దోమల నివారణ) సిబ్బందికి అది పనికొచ్చే సమాచారం.

వానాకాలంలో చేస్తే చాలదా? ఎండాకాలంలో డెంగీ ఉండదుగా?

ఉంటుంది, తక్కువగా. మాకు ఆ తక్కువే చాలా ముఖ్యం. ఆగస్టు నుంచి నవంబర్ వరకు వందల కేసులు వస్తాయి, శాంపిళ్లకు లోటుండదు. మార్చి, ఏప్రిల్‌లో జ్వరంతో వచ్చిన పది మందికి డెంగీ టెస్టే రాయరు. నిరుటి వైరస్ ఎండాకాలమంతా మన నగరంలోనే, నీళ్లు పట్టి పెట్టుకునే ఇళ్లలో బతికి జూన్‌లో మళ్లీ లేచిందా, లేక చనిపోయి బయటి నుంచి కొత్తది వచ్చిందా అన్నది ఆ పది గొట్టాలే చెప్పాలి. ఇక్కడే బతికితే ఏప్రిల్‌లో ఆ ఇళ్ల డ్రమ్ముల మీద పనిచేయాలి. బయటి నుంచి వస్తోందంటే జూన్‌లో కొత్త కేసులను త్వరగా పట్టడం మీద దృష్టి పెట్టాలి. ఖర్చు తగ్గించాలంటే సీజన్‌లో శాంపిళ్లు తగ్గించండి, ఎండాకాలం శాంపిళ్లు తగ్గించొద్దు అని నేను ప్రతి మీటింగులో అడుగుతాను.

మా కాలనీ తరఫున ఏం చేయగలం?

జ్వరం వచ్చిన మొదటి రెండు రోజుల్లోనే బస్తీ దవాఖానకు వెళ్లమని చెప్పండి. వాచ్‌మన్ దగ్గర ఒక నోటుబుక్కు పెట్టి ఏ బ్లాకులో ఎవరికి ఏ తేదీన జ్వరం మొదలైందో, అంతకు ముందు రెండు వారాల్లో ఊరు దాటారో లేదో రాయించండి. ఇష్టపడిన వాళ్ల పేర్లే, అది కూడా కాలనీ దాటకుండా. శాంపిల్ ఇచ్చేటప్పుడు ఆ తేదీ, పిన్‌కోడ్ చూసి చెబితే చాలు.